అమీర్‌పేట రోడ్డు కింద 20 నానోసెకన్లు

రోడ్డు తవ్వాలంటే ముందు కేబుళ్లు, పైపులు ఎక్కడున్నాయో తెలియాలి. ఇష్టం వచ్చినట్టు తవ్వడం వల్ల దేశానికి ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టమని 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చినప్పుడు కేంద్రమే చెప్పింది. హైదరాబాద్‌లోని అమీర్‌పేట, పంజాగుట్ట లాంటి ఇరుకు చోట్ల ఇందుకు పనికొచ్చే యంత్రం గ్రౌండ్ పెనిట్రేటింగ్ రాడార్, అంటే జీపీఆర్. చక్రాల మీద నెట్టుకుపోతుంటే తెర పక్కన లోతు మీటర్లలో కనిపిస్తుంది. ఆ మీటర్లను అంత తొందరగా నమ్మకూడదు.

యంత్రం కొలిచేది కాలాన్ని. అది పంపిన రేడియో తరంగం పైపును తాకి 20 నానోసెకన్లలో తిరిగొచ్చిందనుకుందాం. గాలిలో ఆ తరంగం నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది. నేలలో ఎంత పోతుందో తెలియాలంటే 30ని ఆ నేల డైఎలక్ట్రిక్ విలువ (తరంగాన్ని ఆ పదార్థం ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే సంఖ్య) వర్గమూలంతో భాగించాలి. విలువ 9 అయితే వేగం నానోసెకనుకు 10 సెంటీమీటర్లు; 20 నానోసెకన్లు రానూపోనూ పట్టిన కాలం కాబట్టి అందులో సగమే లెక్క, పైపు మీటరు లోతున ఉన్నట్టు. వానలకు మట్టి నాని ఆ విలువ 16కు పెరిగితే వేగం 7.5కు పడిపోతుంది. అవే 20 నానోసెకన్లకు లోతు 75 సెంటీమీటర్లే. ఎండాకాలపు లెక్కతో ఆగస్టులో జేసీబీ దించితే పావు మీటరు తేడా! నీటి డైఎలక్ట్రిక్ విలువ దాదాపు 80 మరి, కాస్త తడికే లెక్క మారిపోతుంది.

ఏ ఫ్రీక్వెన్సీ వాడాలన్నదీ బేరమే. వేగం 10 ఉన్న నేలలో 400 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 25 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే సుమారు 6 సెంటీమీటర్ల ఎడం ఉంటేనే ఒకదాని కింద ఒకటి ఉన్న రెండు వస్తువులు విడిగా తెలుస్తాయి. 900 మెగాహెర్ట్జ్‌తో 3 సెంటీమీటర్ల ఎడమైనా పట్టుకోవచ్చు, కానీ చూపు మీటరు దాటడం కష్టం. 400కి మంచి నేలలో రెండు మూడు మీటర్లు అందుతాయి, తడి బంకమట్టిలో అదీ ఉండదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల్లో పెద్ద డ్రైనేజీ లైన్లకు చెప్పిన లోతు 2 నుంచి 6 మీటర్లు. చాలావరకు చూపుకు అందనట్టే.

అమీర్‌పేటకు ఇంకో చిక్కుంది. నెత్తి మీద మెట్రో. యాంటెన్నాకు పైనుంచి కవచం సరిగా లేకపోతే తరంగాలు కొన్ని పైకీ పోతాయి. 6 మీటర్ల ఎత్తున్న దూలాన్ని తాకిన తరంగం గాలిలో 40 నానోసెకన్లకు వెనక్కొస్తుంది. మట్టిలోని వేగం 10తో లెక్కేసే యంత్రం దాన్ని 2 మీటర్ల లోతున ఏదో పాతిపెట్టినట్టు చూపిస్తుంది. లేని పైపు కోసం గొయ్యి తవ్వాల్సి వస్తుందన్నమాట.

తెర మీద పైపు గుండ్రంగా కనబడదు. యంత్రం దగ్గరికొస్తున్నకొద్దీ దూరం తగ్గి, దాటాక పెరుగుతుంది కాబట్టి పైకి ఉబ్బిన వంపుగీత పడుతుంది. ఆ వంపు ఎంత వెడల్పో చూసి వేగాన్ని అంచనా వేస్తారు. అదీ చాలక ఒకచోట చేత్తో ట్రయల్ పిట్ తవ్వుతారు. 20 నానోసెకన్ల పైపు అక్కడ 80 సెంటీమీటర్ల దగ్గర తేలితే, వేగం 8 అని దిద్దుకుని మిగతా రోడ్డంతా మళ్లీ లెక్క కడతారు.