ఇసుక పరచిన చేపల తొట్టికి ఏ ఫిల్టరు తగును?

హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు ఇళ్లలో చేపల తొట్టి అడుగున సన్నని ఇసుక పరచుట నేడు కొందరికి ఇష్టము. దక్షిణ పినాకిని ఒడ్డును తలపించే అందము దానిది. అయితే అడుగున అమర్చే ప్లాస్టిక్ పలక ఫిల్టరును ఇసుక తొట్టికి కొనకండి. అది గులకరాళ్లకే తగును. ఇసుక దాని సందులలో కూరుకొని నీటిని కదలనీయదు. మా మొదటి తొట్టి అట్లే పాడైనది. మా అమ్మాయి రెండు రోజులు సరిగా అన్నము తినలేదు.

గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు మేలు, ఖర్చూ స్వల్పమే. చేపల విసర్జనలో అమ్మోనియా అనే విషము ఉండును. స్పాంజిలో నివసించే సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగా, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చును. అవి కుదురుకొనుటకు నాలుగు నుండి ఆరు వారాలు పట్టును. అంతవరకు ఒకటి రెండు చేపలు చాలు. స్పాంజిని కుళాయి నీటిలో ఉతికితే క్లోరిన్ ఆ జీవులను చంపును. తొట్టి నుండి తీసిన నీటిలోనే మెల్లగా పిండవలెను. నైట్రేటు పోవుటకు మాత్రము వారానికొకసారి నాలుగవ వంతు నీరు మార్చక తప్పదు.

తొట్టి వెనుక తగిలించే మోటారు ఫిల్టరైతే పీల్చే గొట్టము ఇసుకకు రెండు మూడు అంగుళాల పైన ఉండవలెను. లేనిచో ఇసుక చేరి మోటారు అరుగును. గాలి పంపును నీటిమట్టము కన్న ఎత్తున పెట్టండి. కరెంటు పోయినప్పుడు నీరు గొట్టము వెంట వెనుకకు పారి పంపులో చేరకుండును.