రెండు రీముల కామిక్

సొంతంగా కామిక్ పుస్తకం వేయాలనుకునేవారు ప్రెస్సుకు వెళ్లి మొదట అడిగే ప్రశ్న: "పేజీకి ఎంత పడుతుంది?" ప్రెస్సువారు మర్యాదకొద్దీ ఏదో ఒక అంకె చెబుతారు. ప్రశ్న సగమే కనుక ఆ అంకె కూడా సగమే. పేజీ ఎంత పెద్దది, ఎన్ని పేజీలు, ఎన్ని రంగులు, ఎన్ని కాపీలు అన్న నాలుగు సంగతులు తేలేదాకా అచ్చు ఖర్చును లెక్కకట్టడం ఎవరి తరమూ కాదు. ఈ నాలుగూ మొదటి గీత గీయకముందే తేల్చుకోవలసినవి. లోకాచారం మాత్రం బొమ్మలన్నీ గీసి, రంగులన్నీ నింపి, ఆ తరువాత చవకగా వేయించే మార్గం వెతకడం.

గద్వాలలో ఒకరు, కోట కట్టించిన సోమనాద్రి కథను 32 పేజీల కామిక్‌గా తేవాలనుకున్నారని ఊహిద్దాం. పెళ్లిపత్రికలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వేసే ప్రెస్సులు, జిరాక్స్ సెంటర్లు దగ్గరలోనే దొరుకుతాయి. పెద్ద యంత్రాలు కావాలంటే ఒకవైపు కర్నూలు, మరోవైపు హైదరాబాదు. ఎటు వెళ్లాలో చెప్పేవి కూడా పై నాలుగు సంగతులే.

అచ్చులో ముఖ్యమైన పద్ధతులు రెండు. మొదటిది ఆఫ్‌సెట్: బొమ్మను పలుచని అల్యూమినియం రేకు మీదికి ఎక్కించి, ఆ రేకు నుంచి రబ్బరు దుప్పటి మీదికి, దాని నుంచి కాగితం మీదికి సిరాను దించే పద్ధతి. ఆ రేకునే ప్లేటు అంటారు. ప్లేట్లు చేయించడానికీ, యంత్రాన్ని సరిచేసుకోవడానికీ అయ్యే ఖర్చు పది కాపీలకైనా పదివేల కాపీలకైనా ఒక్కటే. గద్వాల మగ్గాల మీద ఒక్క చీర కోసం పడుగు ఎక్కించరు. ఒక పడుగు మీద కొన్ని చీరలు దిగితేనే ఆ శ్రమ గిట్టుబాటవుతుంది. ఆఫ్‌సెట్ గణితం కూడా అదే.

రెండవది డిజిటల్. ఇందులో ప్లేటు ఉండదు. కంప్యూటర్‌లోని ఫైలు నేరుగా కాగితం మీద పడుతుంది. మొదటి కాపీకి ఎంతవుతుందో నూరవ కాపీకీ దాదాపు అంతే అవుతుంది. తక్కువ కాపీలకు ఇది మేలు, ఎక్కువ కాపీలకు ఆఫ్‌సెట్ మేలు. ఆ తక్కువకూ ఎక్కువకూ మధ్య గీత ఎక్కడుందో ఎవరినీ అడగనక్కరలేదు, లెక్క వేసుకోవచ్చు.

ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు, తయారీ కలిపి 8,000 రూపాయలు, ఆపైన కాపీకి 20 అనుకుందాం. డిజిటల్‌లో కాపీకి 60 అనుకుందాం. ఇవి లెక్క కోసం ఊహించుకున్న అంకెలే; ఎవరి ధరలూ కావు. కాపీకి తేడా 40. 8,000ను 40తో భాగిస్తే 200. అంటే 200 కాపీల లోపు డిజిటల్, ఆపైన ఆఫ్‌సెట్. రెండుచోట్లా అసలు ధరలు రాయించుకుని ఈ ఒక్క భాగహారం చేస్తే చాలు. చాలామంది దీనికి బదులు తెలిసినవాళ్ల సలహా తీసుకుంటారు. ఆ తెలిసినవాళ్లు లోగడ వేసినది కవితా సంపుటి అయివుంటుంది.

ఇక కాగితం. మన ప్రెస్సుల్లో చెల్లే కాగితాల కొలతలు కొన్నే. డబుల్ క్రౌన్ అంటే 20 అంగుళాలకు 30 అంగుళాల షీటు. దాన్ని మూడుసార్లు మడిస్తే ఎనిమిది ఆకులు, రెండువైపులా కలిపి 16 పేజీలు వస్తాయి. ఒక్కో పేజీ 7.5 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు. అంచులు కత్తిరించాక సుమారు ఏడుంబావు, తొమ్మిదిన్నర. దీన్నే 1/4 క్రౌన్ అంటారు. ఇలా ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట ఒక ఫారం.

అమెరికన్ కామిక్ పుస్తకం ఎత్తు 10.25 అంగుళాలు. ఇంటర్నెట్‌లో ఆ కొలత చూసి, అదే అసలైన కామిక్ కొలత అని నమ్మి, మనవాళ్లు పేజీలన్నీ అలాగే గీస్తారు. మన షీటులో పది అంగుళాలే ఉన్నాయి, అందులోనూ అంచు కోత పోవాలి. ఆ పావు అంగుళం కోసం పెద్ద షీటు కొని, మిగిలిన ముక్కలను చిత్తుకాగితాల కింద అమ్ముకోవాలి. అనుకరణకు ఇంత కచ్చితమైన ధర తెలిసే సందర్భాలు అరుదు.

పేజీల సంఖ్య కూడా ఫారం చెప్పినట్టే వినాలి. 16, 32, 48 అయితే కాగితం వృథా కాదు. 32 దాటి 34 పేజీలైతే ఆ రెండు పేజీలకు వేరే ప్లేట్లు, వేరే మడత కావాలి. మధ్యలో పిన్నులు కొట్టే సెంటర్ పిన్ బైండింగ్ అన్నిటికన్నా చవక, పలుచని పుస్తకానికి సరిపోతుంది. దానికి పేజీల సంఖ్య నాలుగుతో నిశ్శేషంగా భాగించబడితే చాలు. జిగురుతో వీపు అతికించే పర్ఫెక్ట్ బైండింగ్ హుందాగా ఉంటుంది కాని, ఎదురెదురు పేజీల మీద పరిచి గీసిన కోట బురుజు దాని మడతలోకి పోయి తిరిగి రాదు.

మన సోమనాద్రికి 500 కాపీలు కావాలంటే, కాపీకి రెండు షీట్లు, మొత్తం వెయ్యి షీట్లు. రీముకు 500 షీట్లు కనుక రెండు రీములు, తరుగు కోసం మరికొంత. అట్టను విడిగా మందపాటి కాగితం మీద వేయాలి. లోపలికి 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో చాలు. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో. అంతకన్నా పలుచనిది తీసుకుంటే ఈ పేజీలో రాజుగారి ముఖం మీద వెనుకపేజీ గుర్రాలు పరుగెత్తుతాయి.

ఖర్చును అన్నిటికన్నా ఎక్కువగా పెంచేది రంగు. నలుపు ఒక్కటే అయితే ఈ రెండు షీట్లకు, వైపుకు ఒకటి చొప్పున, నాలుగు ప్లేట్లు. పూర్తి రంగులంటే నీలం, గులాబీ, పసుపు, నలుపు అనే నాలుగు సిరాల కలయిక, అంటే పదహారు ప్లేట్లు. నలుపు తెలుపుల్లో వేయడం పేదరికానికి గుర్తని భయపడేవారికి ఒక ఉదాహరణ. 1984లో అమెరికాలో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ అనే ఇద్దరు చిత్రకారులు, వాపసు వచ్చిన పన్ను సొమ్ముకు ఒక మామ దగ్గర తెచ్చిన అప్పు కలిపి, నాలుగు తాబేళ్ల కథను నలుపు తెలుపుల్లో సుమారు 3,000 కాపీలు వేశారు. అట్టకు మాత్రమే రంగు. టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్ అలా మొదలైంది. ఆ మొదటి ముద్రణ కాపీలను ఇప్పుడు కొనాలంటే మామ ఒక్కడి అప్పు చాలదు.

నలుపుకూ నాలుగు రంగులకూ నడుమ రిసోగ్రాఫ్ అనే జపాను యంత్రం ఉంది. కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ప్రశ్నపత్రాలు తీసేది ఇలాంటి యంత్రాల మీదే. స్టెన్సిల్‌కు చిల్లులు పొడిచి, డ్రమ్ముకు చుట్టి, సిరాను దాని గుండా తోస్తుంది. ఒక డ్రమ్ముకు ఒక రంగు. ఏ3 కాగితం దాటి వేయలేదు. ఐరోపా, అమెరికాల్లో చిత్రకారులు దీని మీద రెండు రంగుల కామిక్స్ వేసి కళాఖండాలుగా అమ్ముతున్నారు. ఆ సిరాలో తవుడు నూనె కలుస్తుంది. వరి పండించే జిల్లాలో ఆ యంత్రానికి ప్రశ్నపత్రాలు తప్ప మరో పని తోచకపోవడం గమనించదగ్గదే.

అంతకన్నా చవక కావాలంటే జిరాక్సే. శరద్ శర్మ నడిపే వరల్డ్ కామిక్స్ ఇండియా సంస్థ ఊళ్లలో మామూలు మనుషుల చేత గోడ కామిక్స్ గీయిస్తుంది. రెండు ఏ4 కాగితాలు, నాలుగు గడులు, ఒక కథ. జిరాక్స్ తీసి, రెండూ అతికించి గోడకు పెడతారు. బైండింగ్ ఖర్చు లేదు, అమ్ముడుపోని కాపీలు మంచం కింద మిగలవు.

పద్ధతి ఏదైనా, ఫైలు చెడితే పొదుపంతా వృథా. గీతల బొమ్మను అచ్చయ్యే కొలతలో అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయాలి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది బొమ్మను నలిపి చిన్నది చేస్తుంది, డాక్యుమెంటుగా పంపాలి. మన డీటీపీ సెంటర్లలో అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ ఇంకా రాజ్యం చేస్తున్నాయి కనుక, మాటలన్నీ పెట్టాక ఫాంట్లు ఇమిడివున్న పీడీఎఫ్ మాత్రమే ఇవ్వాలి. లేకపోతే సోమనాద్రి ఏ భాషలో గర్జిస్తాడో చెప్పలేం. తెలుగుకు వత్తులుంటాయి, వరుసల మధ్య ఇంగ్లిషు కన్నా ఎక్కువ చోటు కావాలి; మాటల బుడగను ముందే పెద్దదిగా గీసుకోవాలి. ప్లేట్లకు పంపేముందు డిజిటల్‌లో ఒక కాపీ తీయించి, కథ తెలియనివారి చేత చదివించాలి. రాసినవారికి అచ్చుతప్పులు కనబడేది 500 కాపీలు ఇంటికి చేరాకే.

ఆ 500 ఎందుకో కూడా ఆలోచించాలి. తెలుగులో సొంత ప్రచురణకు అది పంచాంగంలో రాసిపెట్టినట్టు వాడుక అయిపోయింది. ఆవిష్కరణ సభలో వంద పంచి, మిగతావి బంధుమిత్రులకు ఇచ్చేటప్పుడు "చదివి చెప్పండి" అనడం కూడా వాడుకే. ముందు 100 డిజిటల్ కాపీలు వేసి, అవి డబ్బుకు అమ్ముడుపోతే ఆఫ్‌సెట్‌కు వెళ్లడం, కాపీకి ఎక్కువ పడినా, మొత్తం మీద తక్కువ నష్టం.

పుస్తకం చేరవేయడానికి తపాలా శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ నడుపుతోంది. 300 గ్రాముల లోపు 20 రూపాయలు, పన్నులు అదనం. పాఠ్యపుస్తకాలకు, సామాజిక, సాంస్కృతిక, మత విషయాల పుస్తకాలకు ఇది వర్తిస్తుంది. పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. సోమనాద్రి సాంస్కృతికుడేనని కౌంటరు దగ్గర నిరూపించే బాధ్యత ప్రచురణకర్తది.

పుస్తకానికి ఐఎస్‌బీఎన్ అనే గుర్తింపు సంఖ్యను మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త తన ఖర్చుతో, పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్కటి పంపాలి. కాబట్టి ధర కట్టేటప్పుడు 500ను 496గా లెక్కించాలి. పంపకపోతే చట్టంలో రాసివున్న శిక్ష 50 రూపాయల దాకా జరిమానా, దానితోపాటు పుస్తకం వెల.