మీకు తెలుసా? చూసి రాయనిచ్చే పరీక్ష

ప్రాజెక్టు మేనేజర్ల సర్టిఫికెట్లలో ఒకదానికి పుస్తకం దగ్గర పెట్టుకుని మరీ పరీక్ష రాయొచ్చు! అదే బ్రిటన్ వారి ప్రిన్స్2 ప్రాక్టీషనర్. అయితే ఆ ఒక్క అధికారిక గ్రంథమే, మరోటి కుదరదు. దాని తొలి మెట్టు ఫౌండేషన్ పరీక్షలో మాత్రం ఆ వెసులుబాటు లేదు. 1989లో బ్రిటన్ ప్రభుత్వం తన కంప్యూటర్ ప్రాజెక్టులు గాడి తప్పకుండా తెచ్చుకున్న పద్ధతే ఈ పరీక్షలకు మూలం. 1996లో దాన్ని అన్ని రంగాలకూ పనికొచ్చేలా మార్చి ప్రిన్స్2 అన్నారు.

మన ఐటీ కొలువుల ప్రకటనల్లో తరచూ కనిపించే పీఎంపీ సర్టిఫికెట్ అమెరికాది. 1969లో పుట్టిన పీఎంఐ సంస్థ దీన్ని 1984లో మొదలుపెట్టింది. ఆ సంస్థ హైదరాబాద్ శాఖ పేరు పెర్ల్ సిటీ చాప్టర్.

పీఎంపీకి డిగ్రీ తప్పనిసరి కాదు. నాలుగేళ్ల డిగ్రీ ఉంటే ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు చాలు; పాలిటెక్నిక్ డిప్లొమా వారైతే 60 నెలలు చూపాలి. వీటికి తోడు 35 గంటల శిక్షణ. అనుభవాన్ని కాగితం మీద పెంచి రాసుకుందామంటే ప్రమాదమే: కొన్ని దరఖాస్తులను లాటరీ తీసినట్టు ఎంచి, ఆధారాలు అడుగుతారు.

పాసైతే జీవితాంతం పనికొస్తుందనుకుంటారు చాలామంది. కాదు. మూడేళ్లకోసారి 60 గంటల చదువో, వృత్తి సేవో చూపి, రుసుము కట్టి పునరుద్ధరించుకోవాలి. కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చినవారు ఏ అనుభవమూ అడగని, పీఎంఐ వారిదే అయిన సీఏపీఎం సర్టిఫికెట్‌తో మొదలుపెట్టడం మేలు.