విద్యుత్తుతో చౌడునేలల పరీక్ష

నేలను చూచి దాని గుణమును చెప్పుట మన రైతులకు క్రొత్త విద్య కాదు. రేగడి, చల్క, గరప, ఒండ్రు, చౌడు అను పేర్లలోనే తరతరముల అనుభవము ఇమిడియున్నది. అయితే ఈ పేర్లు చాలవరకు కంటికి కనబడు పైపొరను బట్టి యేర్పడినవి. పైరుల వేళ్లు మూడు నాలుగడుగుల లోతునకు పోవును. అక్కడ ఏమున్నదో కన్ను చెప్పజాలదు. చౌడు అను వ్యాధి తరచుగా మొదలగునది అక్కడనే.

కాలువనీరు వచ్చిన క్రొత్తలో పంటలు పుష్కలముగా పండును. మురుగు పోవు దారి లేనిచో భూగర్భజలము ఏటేట పైకి వచ్చును. అది నేలమట్టమునకు సుమారు రెండు మీటర్ల లోపునకు చేరినచో, వత్తి నూనెను పీల్చునట్లు మట్టి ఆ నీటిని పీల్చును. ఎండకు నీరు ఆవిరియై పోవును; దానితో వచ్చిన ఉప్పు నిలిచిపోవును. తెల్లని పొర కంటబడునాటికి పొలము చాలవరకు చెడియే యుండును. మరి ఉప్పును ముందుగా కనిపెట్టుట యెట్లు? గుంతలు త్రవ్వి మట్టిని పరీక్షాశాలకు పంపుట నమ్మదగిన మార్గమే. కాని చౌడు పొలమంతట ఒక్కరీతిగా నుండదు. పది బారల దూరములోనే మారిపోవచ్చును. అన్ని గుంతలు త్రవ్వుట ఎవరి తరము?

ఇచ్చట భూభౌతికశాస్త్రము మనకు తోడ్పడును. ఉప్పునీటి గుండ విద్యుత్తు సులభముగా ప్రవహించును. మంచినీటి గుండ అంత సులభముగా ప్రవహింపదు. ఎండిన ఇసుక దానిని మిక్కిలి నిరోధించును. ఫ్రాన్సు దేశీయుడగు కాన్రాడ్ ష్లుంబర్జే 1912లో నార్మండీ ప్రాంతమున నేలలోనికి విద్యుత్తును పంపి పరీక్షలు చేసెను. ఆయన వెదకినది ఖనిజములను. 1915లో అమెరికాలో ఫ్రాంక్ వెన్నర్ నాలుగు కడ్డీల పద్ధతిని వివరించెను. కడ్డీలను ఒకే వరుసలో సమానదూరమున నాటి, చివరి రెంటి గుండ విద్యుత్తును పంపి, నడిమి రెంటి మధ్య వోల్టేజిని కొలుతురు. దానినుండి నేల నిరోధమును లెక్కగట్టుదురు. కడ్డీల యెడము పెంచిన కొలది లోతు పొరల సమాచారము లభించును. బోరుబావి త్రవ్వించుటకు పూర్వము ఇట్టి కడ్డీలు నాటుట మన పల్లెలలో పలువురు చూచినదే. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ లవణతా పరిశోధనాలయమువారు 1970 దరిదాపుల ఇదే పద్ధతిని పొలములలో ఉప్పును కొలుచుటకు వినియోగించిరి.

అడుగడుగున కడ్డీలు నాటు శ్రమ 1980 ప్రాంతమున తగ్గినది. కెనడాలో తయారైన ఒక తేలికపాటి పరికరములో మీటరు ఎడముగా రెండు తీగచుట్ట లుండును. ఒకదానిలో విద్యుత్తు ప్రవహింపగా దాని అయస్కాంత ప్రభావమున మట్టిలో స్వల్ప ప్రవాహములు పుట్టును. రెండవ చుట్ట వాటిని గుర్తించును. మట్టిని తాకనక్కరలేదు, పొలములో నడచుచు కొలువవచ్చును. పరికరమును నిలువుగా పట్టినచో సుమారు ఒకటిన్నర మీటర్ల లోతు వరకు, ప్రక్కకు పరుండబెట్టినచో ముప్పాతిక మీటరు వరకు సమాచారమిచ్చును. ఈ రెండు కొలతలను పోల్చుటలో గొప్ప ప్రయోజనమున్నది. లోతు కొలత యెక్కువైనచో ఉప్పు క్రిందికి దిగుచున్నదని తలపవచ్చును. పైకొలత యెక్కువైనచో ఉప్పు పైకెక్కుచున్నదన్నమాట. ఆ పొలమునకు మురుగుకాలువ వెంటనే కావలెను.

అయితే యంత్రము చూపు అంకె ఉప్పునకు మాత్రమే సంబంధించినది కాదు. తేమ పెరిగినను, బంకమట్టి యెక్కువైనను విద్యుద్వాహకత పెరుగును. వేడిమి ఒక్క డిగ్రీ సెంటిగ్రేడు పెరిగినచో అది సుమారు నూటికి రెండు వంతులు హెచ్చును. కావున రేగడిలో నిరపాయమగు అంకె ఇసుకనేలలో అపాయసూచకము కావచ్చును. అందుచేత తడిపెట్టిన కొలది దినములకు, తేమ సమముగానున్నప్పుడు కొలిచి పటము గీయుదురు. ఆ పటమును బట్టి ఎక్కువ, తక్కువ, మధ్యస్థముగా నున్న కొన్ని తావులను ఎన్నుకొని గుంతలు త్రవ్వి, ఆ మట్టి పరీక్షతో యంత్రపు అంకెలను సరిచూతురు. వందల గుంతలకు బదులు పది పండ్రెండు చాలవచ్చును.

ఈ సరిచూచుట తప్పనిసరి. పాలచౌడునకు మురుగు తీసి మంచినీటితో ఉప్పును కడిగివేయవలెను. కారుచౌడునకు ముందుగా జిప్సము వేయవలెను; లేనిచో కడుగుట వలన మట్టి మరింత బిగుసుకొనిపోవచ్చును. ఈ రెంటి భేదమును యంత్రము స్వయముగా చెప్పజాలదు. మట్టి పరీక్ష చెప్పును. వర్షాకాలమున నీరు ఎక్కడ నిలుచునో, ఏ మడిలో నారు ముందుగా ఎర్రబారునో రైతు చెప్పును. పటము గీయువారు అతనిని వెంటబెట్టుకొని పొలములో నడచుట మేలు.