శస్త్రచికిత్స అనంతరము పడక పుండ్లు

శస్త్రచికిత్స నిర్విఘ్నముగా ముగిసినదని వైద్యులు చెప్పినంతనే రోగి బంధువులు ఊరట చెందుదురు. అటుపిమ్మట కుట్లు మానినవా, జ్వరము తగ్గినదా యని మాత్రమే విచారింతురు. అయితే కోసి కుట్టిన చోటు చక్కగా మానుచుండగనే, కత్తి తగులని వేరొక చోట, నడుము దిగువను గాని మడమ మీద గాని, మరియొక పుండు పుట్టుట పలుమారు జరుగుచున్నది. ఆసుపత్రులలో దీనిని బెడ్‌సోరు అందురు. మంచాన పడి ఒళ్లు పుండ్లు పడినదని గ్రామములలో చెప్పుకొందురు. మేమిచ్చట దీనిని పడక పుండు అని వ్యవహరించుచున్నాము.

ఈ విషయమును పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుటకు కారణము కలదు. 2007వ సంవత్సరమున ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైన నాటినుండి మన ప్రాంతములలో పేద కుటుంబములకు సైతము పెద్ద శస్త్రచికిత్సలు అందుబాటులోనికి వచ్చినవి. తుంటి ఎముక విరిగిన వృద్ధురాలిని పూర్వము కట్టు కట్టించి ఇంటనే పరుండబెట్టెడివారు. నేడు శస్త్రచికిత్స చేయించి, కొలది దినములలోనే ఇంటికి తెచ్చుచున్నారు. ఇది గొప్ప మేలు. కాని ఆసుపత్రి విడిచిన మరునాటినుండి సేవ యంతయు ఇంటివారిదే. వారికి ఆ సేవ నేర్పినవారెవరు?

ఈ పుండ్లు ఎంతమందికి వచ్చుచున్నవి? శస్త్రచికిత్స పొందినవారిపై కొన్ని యేండ్లలో జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి, 2012లో ఒక సమీక్ష ప్రకటింపబడినది. సగటున నూటికి 15 మందికి ఇట్టి పుండ్లు వచ్చినట్లు అందు తేలినది. ఒక పరిశోధనలో నూటికి ఒకరికన్న తక్కువ. మరియొకదానిలో నూటికి 57 మంది. ఇంత వ్యత్యాసమేల యని పాఠకులు సందేహింపవచ్చును. చర్మము చిట్లకుండ కమిలి యున్న తొలి దశను కూడ లెక్కించినచో సంఖ్య పెరుగును. తెరచుకొన్న పుండ్లనే లెక్కించినచో తగ్గును. కొద్ది సమయములో ముగియు చికిత్సకును, గుండె చికిత్స వలె గంటలకొలది సాగు చికిత్సకును పోలిక లేదు.

తుంటి విరిగినవారి సంగతి ప్రత్యేకముగ చెప్పుకొనవలెను. ఐరోపాలోని 6 దేశములలో 635 మంది ఇట్టి రోగులను పరిశీలింపగా, ఆసుపత్రికి వచ్చునప్పటికే నూటికి 10 మందికి, ఆసుపత్రి విడుచునప్పటికి నూటికి 22 మందికి పడక పుండ్లున్నట్లు 2008లో వెల్లడియైనది. ఇవి యన్నియు ఆసుపత్రులలో తీసిన లెక్కలు. ఇంటికి చేరిన పిదప నులకమంచము మీద పుట్టిన పుండ్లు వీనిలో చేరలేదు.

పుండు పుట్టు విధము కఠినమైనది కాదు. ఎముకకును పరుపునకును నడుమ చిక్కిన కండ అణగిపోవును. అందలి సన్నని రక్తనాళములు మూసికొనిపోయి నెత్తురు ఆడదు. ఆరోగ్యవంతుడు నిద్రలో కూడ అటునిటు దొర్లును గనుక అతనికి కీడు లేదు. మత్తుమందు పొందినవాడు శస్త్రచికిత్స బల్లపై కదలలేడు, బాధ తెలియదు, గంటల తరబడి ఒకే భంగిమలో నుండును. చర్మముకంటె లోపలి కండ ముందుగా చెడును. కావున ఆనాడు ఏమియు కనబడదు. రెండు మూడు దినముల పిమ్మట చర్మముపై ఊదారంగు మచ్చయో పొక్కో తేలును. అప్పటికి రోగి వార్డులోనో, ఒక్కొక్కప్పుడు ఇంటనో యుండును. ఇంటివారు దానిని చూచి వేడిచేసి సెగగడ్డ లేచినదనుకొని మజ్జిగ త్రాగింతురు. అసలు కారణము ఎవరికిని తట్టదు.

తొలి గుర్తు చర్మము ఎఱ్ఱబారుట యని పుస్తకములలో వ్రాయుదురు. తెల్లని మేనివారికి అది సరియే. మనలో పలువురివి చామనచాయ మేనులు. నల్లని మేనుపై ఎఱుపు స్పష్టముగ తెలియదు. అందుచేత చేతితో తాకి చూచుట ముఖ్యము. చుట్టుప్రక్కల చర్మముకంటె ఆ చోటు వెచ్చగనో చల్లగనో, గట్టిగనో మరీ మెత్తగనో యుండుట, రంగు మరింత నలుపెక్కుట, రోగి అచ్చట నొప్పి యనుట, ఇవి గుర్తులు. పిరుదుల నడిమి ఎముక, మడమలు, తుంటి ప్రక్కలు, చీలమండలు, మోచేతులు, భుజపు రెక్కలు, తల వెనుక భాగము, వీనిని ప్రతిదినము స్నానమప్పుడో బట్టలు మార్చునప్పుడో చూడవలెను.

ఎవరికి ఎక్కువ భయము? 1962లో ఇంగ్లండునందు డోరీన్ నార్టన్ అను నర్సు ఇతరులతో కలిసి వృద్ధరోగులను పరిశీలించి, అయిదు విషయములు చాలునని నిర్ణయించెను: దేహస్థితి, తెలివి, నడక, కదలిక, మలమూత్రములపై అదుపు. ఒక్కొక్కదానికి 1 నుండి 4 వరకు మార్కులు. మొత్తము 14 గాని అంతకు తక్కువ గాని వచ్చినచో జాగ్రత్త పడవలెను. ఇవి ఆశా కార్యకర్త కంటితో చూచి చెప్పగల సంగతులే. చక్కెర వ్యాధి, రక్తహీనత, ఎముకలు తేలినంత బక్కతనము గలవారి విషయమున మరింత మెలకువ అవసరము.

రక్షణలో ప్రధానమైనది ఒత్తిగిలజేయుట. సామాన్యముగ రెండు గంటలకొకసారి యందురు. తుంటి చికిత్స జరిగినవారిని కదల్చుటకు ఇంటివారు భయపడుట సహజము. ఏ ప్రక్కకు త్రిప్పవచ్చును, కాళ్ల నడుమ దిండు ఉంచవలెనా యని ఆసుపత్రి విడుచునపుడే వైద్యుని అడిగి వ్రాయించుకొనవలెను. పూర్తిగ ప్రక్కకు పరుండబెట్టిన తుంటి ఎముకపై బరువు పడును. వీపు క్రింద దిండు పెట్టి కొంచెము వాల్చుట మేలు. పిక్కల క్రింద దిండు పెట్టి మడమలు పరుపునకు తగులకుండ చేయవలెను. తలవైపు ఎత్తుగ దిండ్లు పేర్చి చాలసేపు చేరగిలబెట్టినచో రోగి క్రిందికి జారును. చర్మము పరుపునకు అంటియుండ లోపలి ఎముక జారుటచే నాళములు సాగి చెడును. పైకి జరుపునప్పుడు చంకలు పట్టి ఈడ్వక, ఇద్దరు దుప్పటి అంచులు పట్టి ఎత్తవలెను. వైద్యుడు అనుమతించిన వెంటనే కూర్చుండబెట్టి, నడిపించుటకు మించిన మందు లేదు.

పగలు కూలికి పోవు కుటుంబములలో చిక్కు ఇచ్చటనే కలదు. ఉదయము గంజి త్రాగించి పోయిన కోడలు సాయంకాలము గాని రాదు. ఎనిమిది గంటలు ముసలమ్మ ఒకే వైపున, తడిసిన బట్టలోనే యుండును. దీనిని నిర్లక్ష్యమనుట న్యాయము కాదు.

మేలు చేయుచున్నామనుకొని చేయు కీడులును కలవు. కమిలిన చోట నూనెతో మర్దించినచో చెడిన కండ మరింత నలుగును. నడుమ రంధ్రముగల టైరు వంటి దిండు చుట్టునున్న చర్మమునకు నెత్తురు అడ్డగించును. మడమల క్రింద నీరు నింపిన చేతితొడుగులు పెట్టుటయు సరికాదు. తెరచుకొన్న పుండుపై బూడిద, పసరు వేయరాదు. దుర్వాసన, చీము, జ్వరము కనబడినను, నల్లని పెచ్చు కట్టినను తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పైకి రూపాయి బిళ్లంత కనబడు పుండు లోపల ఎముకవరకు పోయి యుండవచ్చును. మానుటకు నెలలు పట్టును. పప్పు, గ్రుడ్డు, పాలు వంటి మాంసకృత్తులుగల ఆహారమునకు పథ్యము పేర అడ్డు చెప్పరాదు. మూత్రపిండముల వ్యాధి మున్నగునవి యున్నచో వైద్యుని మాట ప్రకారము నడువవలెను.

పురుగులు పడి పోదువని తిట్టుట మన భాషలో ఘోరమైన శాపము. బహుశః అందుచేతనే పుండు పడిన సంగతి ఇంటివారు దాతురు. కోడలు సరిగా చూడలేదని నలుగురు అనుకొందురని వెఱతురు. నర్సమ్మ వచ్చినను దుప్పటి తీయనీయరు. అడుగవలసినవారు ముందుగా అడిగినచో ఈ దాపరికము కొంత తగ్గును.

1992నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ఆరోగ్యమును చేర్చినది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ సమావేశమున, ఈ నెలలో శస్త్రచికిత్స చేయించుకొని ఎవరెవరు ఇంటికి వచ్చిరి, వారిలో లేవలేనివారెవరు అను ప్రశ్న చేర్చినచో చాలును. లేవలేనివారి యింటికి మొదటి వారములోనే ఆశా కార్యకర్త గాని ఏ.ఎన్.ఎం. గాని పోయి వీపు, మడమలు చూచునట్లు కోరవలెను. మధ్యాహ్నము ఒకటి రెండు మార్లు వచ్చి ఒత్తిగిలజేయుటకు ఇరుగుపొరుగువారిని వార్డు సభ్యుడు ఒప్పింపగలడు.

వీలున్నచో దాతల సాయముతో ఒక గాలి పరుపు సేకరించి ఊరి యవసరమునకు ఉంచుకొనవచ్చును. దాని మోటారు విద్యుత్తుతో గాలిని ఒకచోటినుండి మరియొకచోటికి మార్చును. అది యున్నను ఒత్తిగిలజేయుట మానరాదు. విద్యుత్తు పోయి గాలి దిగినచో రోగి గట్టి పలకపై పరుండినట్లే యగును గనుక వెంటనే మామూలు పరుపుపైకి మార్చవలెను. ఒక యింటనుండి తిరిగి వచ్చినపుడు సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, గొట్టములు పరీక్షించి, తరువాతి యింటికి ఈయవలెను.