పోయింది ఏ కాలు?

కాలు తీసేసిన మనిషి మళ్లీ కారు నడుపుతానంటే ఇంట్లోవాళ్లు "ఇప్పుడెందుకయ్యా" అంటారు. అసలు అడగాల్సింది వేరు: పోయింది ఎడమ కాలా, కుడి కాలా?

ఎడమదైతే చిక్కు చిన్నదే. కారులో దానికున్న పని క్లచ్ తొక్కడం. ఆటోమేటిక్ బండిలో క్లచ్ పెడలే ఉండదు.

కుడి కాలి సంగతి అలా కాదు. యాక్సిలరేటరూ బ్రేకూ దాని పనే. పెడల్ ఎంత దిగిందో మన పాదం చూడకుండానే చెబుతుంది. కృత్రిమ పాదం చెప్పలేదు. మోకాలి కింద తీసేస్తే సాకెట్ (మిగిలిన కాలికి తొడిగే కృత్రిమ కాలి తొడుగు) ఒత్తిడిని బట్టి కొంత తెలుస్తుంది. మోకాలే లేకపోతే అదీ కష్టం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. పాదం బ్రేకు మీదే ఉందా అని అర సెకను తడబడితే ఎనిమిది మీటర్లు దాటిపోయినట్టే.

అందుకే ఆ పని వేరేవాటికి అప్పగిస్తారు. ఒకటి, ఎడమ కాలికి అందేలా యాక్సిలరేటర్ బిగించడం. వినడానికి సులువు. కానీ బ్రేకు ఎప్పుడూ యాక్సిలరేటర్‌కు ఎడమ పక్కన ఉంటుందని ఒంటికి ఏళ్లుగా అలవాటు. ఇప్పుడది కుడి పక్కకొస్తుంది. కంగారులో పాత అలవాటే ముందుకొస్తుంది. రెండోది చేతి లీవరు: చాలావాటిలో ముందుకు నెడితే బ్రేకు. నా ఓటు దీనికే. 2001లో జర్మనీలో రేసు ప్రమాదంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న రేసర్ అలెక్స్ జనార్డి, బ్రేకును కృత్రిమ కాలితో తొక్కినా, యాక్సిలరేటర్‌ను స్టీరింగుకే బిగించుకుని చేతితో నడిపాడు. 2005లో ప్రపంచ టూరింగ్ కార్ల రేసు గెలిచాడు కూడా.

తొందర మాత్రం పనికిరాదు. మొదటి నెలల్లో మిగిలిన కాలి వాపు తగ్గుతూ సాకెట్ వదులవుతుంది. లేని పాదం ఉన్నట్టే తోచి, దాంతోనే బ్రేకు తొక్కబోయే ప్రమాదమూ ఉంది. అందుకే డాక్టరు సరేనన్నాకే, అదీ ఖాళీ మైదానంలో మొదలుపెట్టాలి.

చట్టం అడ్డు చెప్పదు. ఇలా మార్చిన బండికే పరిమితమైన లైసెన్సు ఇస్తారు. 2019 సవరణ, మోటారు వాహనాల చట్టంలోని 'ఇన్‌వాలిడ్ క్యారేజ్' అనే పాత మాటను తీసేసి 'అడాప్టెడ్ వెహికల్' అని పెట్టింది. మార్పును మాత్రం ఆర్టీఓ ఆఫీసులో చెప్పి ఆర్సీలో ఎక్కించుకోవాలి.

మన ఊళ్లలో చాలామంది కారు దాకా రారు, పక్క చక్రాల స్కూటీ ఎక్కుతారు. అందులో ఓ తర్కం ఉంది. గేర్లు లేని స్కూటర్లో బ్రేకులు, యాక్సిలరేటర్ అన్నీ చేతుల్లోనే. కాలితో పని ఒకటే, ఆగినప్పుడు నేల మీద ఆన్చడం. ఆ పని ఆ రెండు చక్రాలూ చూసుకుంటాయి.