మడిలో గడ్డి మట్టిగా మారేదెలా?

1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక హాలియా ప్రాంతంలో సాగు తీరు మారిపోయింది. ఒకప్పుడు జొన్న, ఆముదం పండిన నేలల్లోకి వరి వచ్చింది. ఇప్పుడు మిషన్‌తో వరి కోశాక మడి నిండా గడ్డి, కొయ్యకాళ్లు మిగులుతున్నాయి. తర్వాతి నాటుకు వేళ మించుతోందని చాలామంది వాటికి నిప్పు పెడుతున్నారు. ఆ మంటలో నష్టపోతున్నదేమిటో తెలియాలంటే మట్టిలో బతికే జీవుల పని తెలియాలి.

వరిగడ్డిలో దాదాపు 40 శాతం కర్బనం, ఒక శాతంలోపే నత్రజని. శిలీంధ్రాలు, బాక్టీరియా ఎంజైములను వదిలి గడ్డిని కరిగించి తింటాయి. తిన్న కర్బనంలో కొంత కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది, కొంత వాటి ఒంట్లో చేరుతుంది. అవి చచ్చాక మిగిలిన కణాల ముక్కలు బంకమట్టి రేణువులను అంటుకుంటాయి. అక్కడ వాటిని తినడం వేరే జీవులకు అంత తేలిక కాదు. కుళ్లకుండా మిగిలిన పీచే సేంద్రియ పదార్థమని ఒకప్పుడు అనుకునేవారు. అందులో పెద్ద భాగం చచ్చిన సూక్ష్మజీవులదేనని ఇప్పుడు తేలింది.

ఈ పనిని వేగం చేసేది వానపాము. చార్లెస్ డార్విన్ 1881లో దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. వానపాము మట్టిని, గడ్డి తునకలను కలిపి మింగుతుంది. దాని పేగులోని తేమకు, జిగురుకు నిద్రాణంగా ఉన్న సూక్ష్మజీవులు చురుకవుతాయి. అందుకే తాజా విసర్జనలో కుళ్లడం జోరుగా సాగుతుంది. అది ఆరి గట్టిపడ్డాక మాత్రం లోపలి సేంద్రియ పదార్థానికి గాలి, సూక్ష్మజీవులు సరిగా అందవు. దాంతో ఆ పదార్థం చాలాకాలం నిలుస్తుంది.

అంటే వానపాము కర్బనాన్ని ఖర్చూ చేస్తుంది, దాచీ పెడుతుంది. అనేక ప్రయోగాలను క్రోడీకరించిన రెండు అధ్యయనాలు వానపాముల ప్రభావాన్ని లెక్కగట్టాయి. వానపాములున్న మట్టి నుంచి కార్బన్ డయాక్సైడ్ సుమారు 33 శాతం ఎక్కువగా వెలువడుతుందని 2013 నాటిది చెప్పింది. అవి ఉన్నచోట దిగుబడి సగటున 25 శాతం పెరిగిందని 2014 నాటిది తేల్చింది. పంట వ్యర్థాలను నేలకే ఇచ్చినచోట ఆ లాభం ఎక్కువ. ఎందుకంటే వ్యర్థాల్లో చిక్కుకున్న నత్రజనిని విడిపించి మొక్కకు అందించేది ఈ జీవులే.

నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ కాబట్టి సేంద్రియ పదార్థానికి పట్టు దొరుకుతుంది. ఎర్ర చెలకలో ఇసుక పాలు ఎక్కువ, ఎండ తీవ్రం, చేరింది త్వరగా హరించుకుపోతుంది. అందుకే చెలకకు ఏటా మేత వేయాలి. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ కిందే లెక్క.

నీళ్లు నిలిచిన మడిలో వానపాములు నిలవలేక ఒడ్లకు చేరతాయి. ఆక్సిజన్ అందని బురదలో పచ్చిగడ్డి కుళ్లితే మీథేన్ పుడుతుంది. కాబట్టి కోత కాగానే, నేలలో తేమ ఉండగానే గడ్డిని కలియదున్ని, నీళ్లు పెట్టే ముందు కొన్ని వారాలు మాగనివ్వాలి. ఆలోగా సూక్ష్మజీవులు గడ్డిని కుళ్లబెట్టేందుకు పట్టి ఉంచిన నత్రజని కూడా విడుదల కావడం మొదలవుతుంది. వీలైనచోట జీలుగ, జనుము చల్లి పూతకొచ్చాక దున్నితే నత్రజనికి లోటుండదు. మంట పెడితే గడ్డిలోని నత్రజని చాలావరకు పొగలో పోతుంది, ఆ లోటుకు మళ్లీ యూరియా బస్తాలు కొనాలి. వ్యవధి దొరికిన ప్రతి రైతూ ఈసారి గడ్డికి నిప్పు పెట్టకుండా నేలకే ఇవ్వాలి.